ఆంటీ తివాచీలో నేను వేసిన రేకు

ఆ తివాచీ మాది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో, ఒక పాత చెక్క ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. రెండువేల నాలుగు, ఐదు ప్రాంతాల సంగతి. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. మా ఆయనా నేనూ ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళం. ఆవిడ పుట్టి పెరిగింది ఫీజీలో. ముత్తాతలు చెరుకు తోటల్లో పనికని విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళారట. నాయనమ్మ దగ్గర విన్న తెలుగు మాటలు ఓ నలభై దాకా ఆవిడ నోట్లో మిగిలాయి. మిగతాదంతా ఇంగ్లీషే. కోపమొస్తే మాత్రం ఫీజీ హిందీ. ఇక్కడ ఆవిడ మాటల్ని నేనే తెలుగు చేసి చెబుతున్నాను.

పాపకు అప్పుడు పదో నెల. పాకడం మొదలుపెట్టింది. ఆ ఇల్లు నేలకు కాస్త ఎత్తున దిమ్మల మీద ఉండేది. చలికాలంలో నేలచెక్కల సందుల్లోంచి గాలి కొట్టేది. ఆ రోజుల్లో నేను ప్రతిదానికీ భయపడేదాన్ని. నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఎన్నింటికి పాలు తాగింది, ఎన్నిసార్లు తుమ్మింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. పాకితే మోకాళ్ళకు చలి తగులుతుందని భయం. పాకనివ్వకపోతే నడక ఆలస్యమవుతుందని భయం. అమ్మ ఏలూరులో, అత్తగారు తణుకులో. ఇక్కడ ఏదైనా అడగడానికి నాకున్న పెద్దదిక్కు ఆంటీ ఒక్కతే.

ఒకరోజు ఆవిడ రెండు వాటాల మధ్య తలుపు తోసుకుని, భుజాన పెద్ద చుట్ట ఒకటి మోసుకుంటూ వచ్చింది. దాన్ని మా ముందు గదిలో ధబ్బున పడేసి కాలితో దొర్లించింది.

"వేసుకో గర్ల్. పిల్ల మోకాళ్ళు ఐసైపోతున్నాయ్."

"వద్దాంటీ, పాడు చేస్తుంది."

"అది చెయ్యదు. నువ్వు చెయ్యకుండా ఉంటే చాలు," అని నవ్వింది.

తివాచీ. ఎర్రటి రంగు మీద నిండా పువ్వులు. నీలం, పసుపు, మీగడరంగు. చుట్టూ అంచున తీగ. ఫీజీలో ఉన్నప్పుడు ఆంటీ ఒక తెల్లవాళ్ళ ఇంట్లో పిల్లల్ని చూసుకునేదట. వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ ఆ తివాచీని ఆవిడకిచ్చారట. తర్వాత గొడవలయ్యి తనూ ఫీజీ వదలాల్సి వచ్చినప్పుడు రెండు సూట్‌కేసులూ, ఈ తివాచీ, అంతే తెచ్చుకుంది. "ఇరాన్‌ది. ఒరిజినల్," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

పాపతో పాటు దాని మీద బోర్లా పడుకుని పువ్వుల్ని చూడడం నాకు అలవాటైంది. పాప వాటిని కోయబోయేది. వేళ్ళతో గిల్లి, రాకపోతే నా వైపు చూసేది. చూడగా చూడగా నాకు ఒక సంగతి తెలిసింది. కుడివైపు పువ్వూ ఎడమవైపు పువ్వూ ఒకటేలా కనిపిస్తాయి గానీ ఒకటి కావు. ఒకదానికి ఐదు రేకులు, దాని జోడుకు ఆరు. ఒకచోట తీగ అంచు దాకా వచ్చి, చోటు చాలక, ఆకును సగం ముడుచుకుంది. మనిషెవరో అక్కడ తడబడ్డారు. ఎవరు? ఆడమనిషా, మగమనిషా? ఆవేళ ఏం వండుకుని ఉంటారు?

తమాషా ఏమిటంటే నేను తివాచీల ఊళ్ళో పుట్టినదాన్నే. బళ్ళో జతపరచండి అనే ప్రశ్నలో కొండపల్లికి బొమ్మలు, నరసాపురానికి లేసు, ఏలూరుకు తివాచీలు అని గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. కాలేజీకి వెళ్ళే దారిలో నేతగాళ్ళ వీధి ఉండేది. గోడల మీద రంగురంగుల ఉన్ని చిలపలు, అంటే పోగుల కట్టలు, ఆరేసి ఉండేవి. లోపలి నుంచి దువ్వెనతో దట్టించే చప్పుడు వినిపించేది. మూడేళ్ళు ఆ చప్పుడు పక్కనుంచి సైకిలు తొక్కుకుంటూ పోయాను. ఒక్కసారి లోపలికి తొంగిచూడలేదు. మా ఇంట్లో పడుకోవడానికి చాప, పేరంటానికి జంపఖానా. తివాచీ అనేది విదేశాలకు పోయే వస్తువు. మాకెందుకు?

ఆగస్టులో ఆంటీ మూడు వారాలకని టౌరంగా వెళ్ళింది. అక్కడ ఆవిడ కూతురు ఆసుపత్రిలో నర్సు. ఆంటీ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, చెత్తడబ్బా బయట పెట్టారా, బేబీ తిన్నదా అని అడిగేది.

ఆవిడ వెళ్ళిన మరుసటి సోమవారం పాపకు తలంటాను. జలుబు ముదురుతుందేమోనని సాంబ్రాణి వెయ్యాలనిపించింది. మా ఇళ్ళలో తలంటాక పిల్లల జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టకపోతే స్నానం పూర్తయినట్టు కాదు. ఇంట్లో నిప్పు వద్దని మా ఆయన అంతకుముందే రెండుసార్లు అన్నారు. ఆయన ఆఫీసుకెళ్ళాక బార్బెక్యూ బొగ్గులు రెండు కరెంటు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, ఇత్తడి ధూపం గిన్నెలో వేసి, తివాచీ మీద కూర్చున్నాను. కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, సాంబ్రాణి చల్లాను. పొగ పైకి లేచింది. పాప తుమ్మింది. నాకు ఎంత తృప్తిగా ఉందో.

ఇంతలో గది పైకప్పుకి బిగించిన పొగ అలారం కీచుమని అరిచింది. పాప కెవ్వుమంది. నేను పాపను ఎత్తుకుని ఒక్క ఉదుటున లేచాను. నైటీ అంచు తగిలి గిన్నె ఒరిగింది. వెనక్కి చూడకుండా పెరట్లోకి పరిగెత్తాను.

పాపను ఉయ్యాల కుర్చీలో కట్టి తిరిగొచ్చేసరికి ఒక బొగ్గు, పువ్వు రేకు మీద, నల్లబడి ఉంది. మంట లేదు. జుట్టు కాలిన వాసన. ఉన్ని కూడా వెంట్రుకలాంటిదే, త్వరగా అంటుకోదు, అంటుకున్నా తనంతట తనే ఆరిపోతుంది అని డిగ్రీ కెమిస్ట్రీలో చదివాను. అది ఆ క్షణంలో ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. బొగ్గు తీస్తే కింద రూపాయి బిళ్ళంత బొక్క. చుట్టూ గోధుమరంగు గట్టి అంచు.

సాయంత్రం మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూశారు.

"చెప్పానా లేదా?"

"చెప్పారు."

"పోనీ తివాచీని ఇటు తిప్పి వేద్దాం. సోఫా కిందికి పోతుంది."

"ఆవిడ సోఫా జరపదా?"

"ఎర్ర స్కెచ్ పెన్నుతో దిద్దితే?"

"ఏమండీ, బొక్కకి రంగెలా వేస్తారండీ?"

అంతలో ఫోన్ మోగింది. "అంతా ఫైనేనా?" అంది ఆంటీ. "అంతా ఫైన్ ఆంటీ," అన్నాను. మంగళవారం కూడా అదే అన్నాను. బుధవారం కూడా. బొక్క గురించి చెప్పడం కష్టంగానే ఉంది. కానీ నిజంగా నోరు పెగలనిది ఇంకొకటి: పాప పక్కన నిప్పు పెట్టానని చెప్పడం. ఆ ఒక్క మనిషి నా మీద నమ్మకం పోగొట్టుకుంటే ఇక నాకు ఎవరున్నారు?

శనివారం తివాచీని కారులో వేసుకుని, తివాచీలు అమ్మే ఒక కొట్టుకు వెళ్ళాం. బాగుచేసే మనిషి వెనక గదిలో ఉందన్నారు. అరవై దాటిన ఇరానీ ఆవిడ. కిటికీ పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ ఇంగ్లీషు చిన్న చిన్న ముక్కలుగా ఉండేది. తివాచీ పరిస్తే పువ్వుల వంక చూడనే లేదు. తిరగేసింది. వెనకవైపు గోటితో గీస్తూ ఏదో లెక్కపెట్టింది. తర్వాత కాలినచోట వాసన చూసింది.

"సిగరెట్?"

"కాదు. పాప తలకు పొగ వేస్తుంటే..."

నేను చేతులు తిప్పుతూ చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. "మా దగ్గర కూడా! నిప్పుల మీద గింజలు వేస్తాం. దిష్టికి." మళ్ళీ బొక్క వైపు తిరిగి, "ఇది నీదా?" అంది.

"మా ఇంటావిడది. ఇరాన్‌ది."

"ఆమెకు తెలుసు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న తివాచీ వైపు చూశారు.

"తెలీదు."

ఆవిడ మెల్లగా తివాచీ చుట్టేసింది. "కాలింది అంతా కత్తిరించాలి. బొక్క ముందు పెద్దది అవుతుంది, తర్వాత చిన్నది. నేను కత్తిరించాక ఆమె వద్దంటే? అజీజమ్, నా తల్లీ, వేరేవాళ్ళది అడక్కుండా కొయ్యను."

బతిమాలాను. ఆవిడ నా బుగ్గ తట్టిందే గానీ మాట మార్చుకోలేదు. తివాచీకి తాడు కడుతూ ఇంకో మాట అంది. "ఇరాన్ అన్నావు. కాదు. పువ్వులు ఇరాన్‌వే. కట్టింది హిందుస్తాన్‌లో."

నేను ముందుకు వంగాను. "ఏ ఊరు? ఏలూరా?"

ఆ పేరు ఆవిడ వినలేదు. ఊరు చెప్పడం తన వల్ల కాదంది. "మీ ఊళ్ళో కడతారా? అయితే ముడి ఎలా వేస్తారు? చూపించు."

నాకు తెలియదన్నాను. గోదావరి జిల్లా మనిషి వరిచేను చూడలేదంటే ఎలా చూస్తారో, నన్ను అలా చూసింది.

ఇంటికి రాగానే, ధైర్యం జారిపోకముందే, టౌరంగాకు ఫోన్ చేశాను.

"ఆంటీ, తివాచీ కాలింది."

"ఎప్పుడు?"

"సోమవారం."

"ఇవాళ శనివారం." ఆవిడ రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మంగళవారం రింగ్ చేశా. బుధవారం చేశా. నిన్న చేశా. అంతా ఫైన్ ఆంటీ అన్నావ్."

"అన్నాను."

"ఎలా కాలింది?"

చెప్పాను. సాంబ్రాణి, బొగ్గు, అలారం, అన్నీ. చివర్న ఆవిడ అడిగింది.

"నిప్పు బేబీకి ఎంత దూరం?"

"మూరెడు."

ఫోన్ పెట్టేసింది.

ఇంకా పది రోజులుందనగా, సోమవారం బస్సులో దిగిపోయింది. నాతో మాట్లాడలేదు. పాపను ఎత్తుకుని కాళ్ళూ చేతులూ తిప్పి తిప్పి చూసింది. అప్పుడు తివాచీ దగ్గర కూర్చుని బొక్కలో వేలు పెట్టింది. "చలో," అంది.

వెనక గదిలో ఇద్దరు పెద్దాడవాళ్ళూ తివాచీకి చెరోవైపు కూర్చున్నారు.

"ఇరాన్‌దే కదా?" అంది ఆంటీ.

"హిందుస్తాన్."

"ష్యూర్?"

"ష్యూర్."

ఆంటీ తల కొట్టుకుంది. "ఇన్నేళ్ళు ఇరాన్ ఇరాన్ అని డప్పు కొట్టుకున్నానే! ఆ మేడమ్ నాకు అబద్ధం చెప్పింది." నా వైపు తిరిగి, "నీలాగే," అంది.

ఇరానీ ఆవిడ కత్తిరించాల్సిన మేర సుద్దముక్కతో గీసి చూపించింది. పువ్వులో ఒక రేకు మొత్తం, పక్క రేకులో కొంత పోతాయి. రెండొందల పైచిలుకు ముడులు. తనకైతే రెండు రోజుల పని.

"నువ్వు వద్దు. ఈ అమ్మాయి వేస్తుంది," అంది ఆంటీ.

"ఆమెకు రాదు."

"నేర్పు."

"రెండు నెలలు పడుతుంది."

"ఫైన్."

"ఆంటీ, నేను పాడు చేస్తానాంటీ," అన్నాను.

"ఆల్రెడీ చేశావ్. ఏ ముడి బాగోకపోతే అది ఈవిడ పీకేస్తుంది. నువ్వు మళ్ళీ వెయ్యి."

ఇరానీ ఆవిడ నా చేతులు పట్టుకుని వేళ్ళు వంచి చూసింది. పనికొస్తాయన్నట్టు తలూపింది.

అలా ప్రతి గురువారం పొద్దున రెండు గంటలు కొట్టుకు వెళ్ళడం మొదలైంది. పాపను ఆంటీ తన దగ్గరే ఉంచుకుంటానంది. పుట్టినప్పటి నుంచి పాపను వదిలి నేను ఎక్కడికీ పోలేదు. మొదటి గురువారం కొట్టులోని ఫోన్ నుంచి రెండుసార్లు ఇంటికి చేశాను. రెండోసారి ఆంటీ, "నా దగ్గర నిప్పు లేదు. పని చూసుకో," అని పెట్టేసింది.

ముందు చిన్న చట్రం మీద నేర్పింది. నిలువునా బిగించిన నూలు పోగులు రెండు తీసుకోవాలి. ఉన్ని పోగును ఒకదాని చుట్టూ పూర్తిగా తిప్పి, రెండోదాని వెనక నుంచి తేవాలి. రెండు కొసలూ ముందుకు వస్తాయి. కిందికి లాగి బిగించి కోసేయాలి. అంతే. అది ఒక చుక్క. అలాంటి చుక్కలు వరసగా వేసుకుంటూ పోతే రేకు అవుతుంది, ఆకు అవుతుంది. ఒక వరస అయ్యాక అడ్డపోగు దూర్చి దువ్వెనతో దట్టించాలి. ఆ చప్పుడు మొదటిసారి నా చేతికింద వినబడినప్పుడు నేను ఆగిపోయాను. మూడేళ్ళు సైకిలు మీద విన్న చప్పుడు. అది వరస పూర్తయిందని చెప్పే చప్పుడని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం అమ్మకు ఫోన్ చేసి, నేతగాళ్ళ వీధికెళ్ళి కొన్ని సంగతులు కనుక్కోమన్నాను.

"చంటిపిల్లని పెట్టుకుని నీకిదేం పిచ్చే?" అంది గానీ వెళ్ళింది. వారం తర్వాత చెప్పింది: "ఒక ముసలాయన ఉన్నాడే. ముడి ఎలా వేస్తారండీ అనడిగితే, అది ఫోన్లో చెప్పేదా అమ్మా అని ఒకటే నవ్వు. ఉన్ని బికనీరు నుంచి వస్తుందిట. ఖరీదు రకాలకి న్యూజిలాండ్ ఉన్ని కలుపుతారుట. మా అమ్మాయి అక్కడే ఉందండీ అంటే, గొర్రెలు కాస్తోందా అన్నాడు!"

అన్నిటికంటే కష్టమైంది రంగు. రేకు చుట్టూ ఉన్న పాత ఎరుపులో వేళ్ళు పెట్టి పాయ తీస్తే, మొదలు దగ్గర చిక్కటి కుంకుమ రంగు, కొసన ఎండిన దానిమ్మ తొక్క రంగు. ఏళ్ళ తరబడి ఎండ పైపైన తినేసింది. కొత్త పోగు దేనితో కలవాలి? ఇరానీ ఆవిడ దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా పాత తివాచీల నుంచి విప్పిన ఉన్ని ఉండేది. కొన్ని చిలపలు కిటికీకి వేలాడదీసి ఉండేవి. వాటిని ఎండకు వదిలేసి నాలుగేళ్ళయిందట. కొస రంగుతో కలిసేది తీసింది.

"ఇది కూడా ఇంకా వెలుస్తుంది కదా, అప్పుడు తేడా తెలీదా?" అన్నాను. కెమిస్ట్రీ చదివినదాన్ని.

"అప్పుడు ఇంకెవరో చూసుకుంటారు," అని అద్దాలు సర్దుకుంది.

మూడో గురువారం నుంచి అసలు తివాచీ మీద కూర్చోనిచ్చింది. కాలింది కత్తిరించి, పోగుల పునాది తనే కట్టింది. రేకు నాకు వదిలింది. నేను వేసినవాటిలో సగం పీకేసేది, మాట్లాడకుండా, తెల్లవెంట్రుక పీకినట్టు. నాలుగో గురువారం తలెత్తి గడియారం చూస్తే గంటంబావు గడిచింది. అంతసేపూ నేను పాప గురించి తలచుకోలేదు. ఒక్కసారి గాభరాపడి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. వరస మధ్యలో ఉంది.

అక్టోబరు మధ్యలో పూర్తయింది. పొడుగ్గా వదిలిన కొసల్ని ఆవిడ కత్తెర పడుకోబెట్టి కోసింది, చేత్తో నిమిరింది, మళ్ళీ కోసింది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. దగ్గరికెళ్తే నా రేకు కొంచెం లావు. రెండు ముడులు ఎక్కువ పడ్డాయని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. పీకుతుందేమో అనుకున్నాను. పీకలేదు.

ఇంటికి తెచ్చాక ఆంటీ, "మీ వైపు కాదు, నా వైపు," అంది. మా ఆయనా నేనూ మోసుకెళ్ళి ఆవిడ ముందు గదిలో పరిచాం. ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే అనుకున్నాను. ఆంటీ వంగి, అరచేత్తో అంచు నుంచి మెల్లగా తడుముకుంటూ వచ్చి, సరిగ్గా రేకు మీద ఆగింది. పాపను దించి పువ్వుల మధ్య కూర్చోబెట్టింది.

"పొద్దున్నే పిల్లని ఇక్కడికి తే. తొమ్మిదింటికి. నువ్వెళ్ళి రెండు గంటలు పడుకో. నీ మొహం చూడు."

మర్నాడు తొమ్మిదింటికి పాపను ఇచ్చి నా వైపుకొచ్చి మంచం మీద వాలాను. నిద్ర ఎక్కడ పడుతుంది? మధ్య తలుపు ఓరగా ఉంది. ఆంటీ కూతురితో ఫోన్‌లో మాట్లాడుతోంది, పాప ఏదో కొడుతున్న చప్పుడు మధ్య, తనకు మామూలైన పెద్ద గొంతుతో.

"ఇరాన్ కాదమ్మా, ఇండియా. అవును, నాకూ ఇప్పుడే తెలిసింది... కాల్చింది. కాల్చి ఐదు రోజులు చెప్పలేదు, దొంగ... లేదు లేదు, కొట్టువాళ్ళు కాదు, మా అమ్మాయే వేసింది. వెనక వాటా అమ్మాయి... ఆ, ఒక రేకు లావుగా ఉంది. ఎందుకూ? మార్పించను."